ప్రగతిశీలులు, జాన్సన్, వియత్నాం: 1968 నాటి ఇంటిపోరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

పదవిలో ఉన్న అమెరికా అధ్యక్షులను ప్రగతిశీలులు ఎదిరించిన సందర్భాలు చాలానే ఉన్నాయి కదా, జాన్సన్ ఉదంతాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

ఎదుటి పార్టీ అధ్యక్షుణ్ణి ఎదిరించడానికి పెద్ద తెగువ అక్కర్లేదు. అందుకు కావలసిన జనమూ, విరాళాలూ, వేదికలూ ముందే సిద్ధంగా ఉంటాయి. 1965 నుంచి 1968 దాకా డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను ఎదిరించినవారి పరిస్థితి అది కాదు. వారిలో చాలామంది 1964లో ఆయన కోసం గడపగడపకూ తిరిగి ఓట్లడిగినవారు. ఆయన చేసిన చట్టాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు. ఆ ఎన్నికల్లో జాన్సన్‌కు 61 శాతం ఓట్లు, 486 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లు) వచ్చాయి. రిపబ్లికన్ ప్రత్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్‌కు దక్కిన ఎలక్టోరల్ ఓట్లు 52 మాత్రమే. అంతటి ఆధిక్యంతో గెలిచిన మనిషి నాలుగేళ్లు తిరగకముందే తాను మళ్లీ పోటీ చేయబోనని ప్రకటించవలసి వచ్చింది. మేలు చేసిన నాయకుణ్ణి, ఆ మేలును మరిచిపోకుండానే, వియత్నాం యుద్ధమనే ఒక ఘోరమైన తప్పు విషయంలో నిలదీయడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

అమెరికాలో 'ప్రగతిశీలులు' అంటే మన 'అభ్యుదయవాదులే'నా?

పూర్తిగా కాదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచి తెలుగులో 'అభ్యుదయం' అనగానే వామపక్ష భావాలు గుర్తుకొస్తాయి. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విస్కాన్సిన్‌కు చెందిన రాబర్ట్ లా ఫాలెట్ వంటివారు రైలు కంపెనీల పెత్తనాన్ని, పార్టీ పెద్దల గుత్తాధిపత్యాన్ని ఎదిరిస్తూ ఆ పేరు పెట్టుకున్నారు. వారిలో అత్యధికులు సోషలిస్టులు కారు. 1948లో హెన్రీ వాలెస్ ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున అధ్యక్షుడు ట్రూమన్‌పై పోటీచేసి రెండున్నర శాతం ఓట్లయినా తెచ్చుకోలేకపోయారు. ఆ తరువాత ప్రచ్ఛన్న యుద్ధ వాతావరణంలో ఆ మాట వాడడానికే చాలామంది జంకారు. 1960ల్లో వారు తమను 'లిబరల్స్' అనీ, యువకులైతే 'న్యూ లెఫ్ట్' అనీ చెప్పుకునేవారు. పౌరహక్కులు, పేదరిక నిర్మూలన, శాంతి అనే మూడింటినీ కలిపి కోరినవారందరినీ ఇక్కడ ప్రగతిశీలులు అంటున్నాను.

జాన్సన్ చేసినన్ని ప్రగతిశీల చట్టాలు మరొకరు చేయలేదంటారు. అలాంటి వ్యక్తిని ఎందుకు వ్యతిరేకించారు?

ఆ మాటలో చాలావరకు నిజముంది. దాన్ని తగ్గించి చెప్పడం అన్యాయం. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం ఆయన సంతకంతోనే అమల్లోకి వచ్చాయి. వృద్ధులకు వైద్య బీమా కల్పించే మెడికేర్ చట్టంపై 1965 జూలై 30న మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణానికి వెళ్లి, అలాంటి పథకం కోసం తన కాలంలో ప్రయత్నించి విఫలమైన ట్రూమన్ సమక్షంలో సంతకం చేశారు. పేదరికంపై యుద్ధం ప్రకటించినదీ ఆయనే.

అయితే ఆ చట్టాలు వెలువడుతున్న నెలల్లోనే మరో లెక్క పెరుగుతూ వచ్చింది. 1964 చివర వియత్నాంలో సుమారు 23,000 మంది అమెరికన్ సైనికులుండగా, 1965 చివరికి 1,84,000 మంది, 1967 చివరికి సుమారు 4,85,000 మంది అయ్యారు. ఆసియా యువకులు చేసుకోవలసిన పోరాటానికి అమెరికా యువకులను వేల మైళ్ల దూరం పంపబోనని 1964 ప్రచారంలో చెప్పిన అధ్యక్షుడే 1965 మార్చిలో ఉత్తర వియత్నాంపై ఎడతెగని బాంబుదాడులు మొదలుపెట్టారు; ఆ నెల 8న మెరైన్ దళాలను డానాంగ్ తీరంలో దించారు. యుద్ధ వ్యయం పేదల పథకాల గొంతు నులిమింది. 1968 జూన్‌లో ఆదాయపు పన్నుపై పది శాతం సర్‌చార్జి కోసం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ను ఒప్పించడానికి 600 కోట్ల డాలర్ల ఖర్చు కోతకు జాన్సన్ తలవంచవలసి వచ్చింది. ప్రగతిశీలులు ఆయన చట్టాలను వద్దనలేదు. ఆ చట్టాల ఫలితం జనానికి చేరకుండా ఈ యుద్ధం అడ్డుపడుతోందన్నదే వారి ఫిర్యాదు.

అంటే వ్యతిరేకత వియత్నాంతోనే మొదలైందా?

కాదు. తొలి పగులు 1964 ఆగస్టులోనే, న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో అధ్యక్ష అభ్యర్థిని ఎంపికచేసే డెమోక్రటిక్ మహాసభ జరిగినప్పుడే కనిపించింది. నల్లజాతివారిని ఓటర్ల జాబితాలో చేరనివ్వని మిస్సిసిపీ రాష్ట్రం నుంచి తెల్లవారితో మాత్రమే కూడిన ప్రతినిధి బృందం వచ్చింది. దానికి పోటీగా మిస్సిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ మరో బృందాన్ని పంపింది. పత్తి పొలాల్లో కూలిచేసిన ఫానీ లూ హేమర్, ఏ బృందాన్ని గుర్తించాలో తేల్చే అర్హతల కమిటీ ముందు కూర్చుని, ఓటరుగా నమోదు కాబోయినందుకు తన బతుకుతెరువు ఎలా పోయిందో, వినోనా పట్టణ జైలులో తనను ఎలా చితకబాదారో చెప్పారు. ఆమె మాట్లాడుతుండగా జాన్సన్ హఠాత్తుగా శ్వేతసౌధంలో విలేకరుల ముందుకు రావడంతో టీవీ కెమెరాలు అటు మళ్లాయి. అయినా ఆ సాయంత్రం వార్తల్లో ఆమె వాంగ్మూలం దేశమంతటా ప్రసారమైంది. చివరికి రెండు సీట్లు ఇస్తామన్న రాజీని ఆ బృందం తిరస్కరించింది. దక్షిణాది తెల్లవారి ఓట్లు పోతాయన్న భయంతో అధ్యక్షుడు తమను వదిలేశారని పౌరహక్కుల యువ కార్యకర్తలు భావించారు. ఆ నమ్మకం మళ్లీ అతకలేదు.

యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి ఉంది కదా?

ఉంది, కాని అది యుద్ధ ప్రకటన కాదు. ఉత్తర వియత్నాం తీరాన ఉన్న టోంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకలపై రెండు దాడులు జరిగాయన్న సమాచారం ఆధారంగా 1964 ఆగస్టు 7న చేసిన తీర్మానం అది. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. రెండో దాడి అసలు జరగలేదని తరువాత తేలింది. ఆ ఇద్దరి పేర్లు గుర్తుంచుకోవలసినవి: ఒరెగాన్‌కు చెందిన వేన్ మోర్స్, అలాస్కాకు చెందిన ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968లో ఇద్దరూ తమ సీట్లు పోగొట్టుకున్నారు.

1966 ఫిబ్రవరిలో సెనేట్ విదేశాంగ కమిటీ అధ్యక్షుడు విలియం ఫుల్‌బ్రైట్ టీవీ కెమెరాల ముందు బహిరంగ విచారణలు జరిపారు. సోవియట్ యూనియన్‌ను కట్టడిచేసే విధానానికి రూపకర్తగా పేరుపడ్డ జార్జ్ కెనన్ అంతటివారు ఈ యుద్ధం తెలివైన పని కాదని అక్కడ చెప్పారు. యుద్ధాన్ని ప్రశ్నించడం దేశద్రోహం కాదని మధ్యతరగతి ఇళ్లలో నమ్మకం కుదరడానికి ఆ విచారణలు చేసినంత మేలు ఊరేగింపులు చేశాయని నేను అనుకోను.

విద్యార్థుల పాత్ర ఎంత?

చాలా ఎక్కువ. మిషిగన్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు కొందరు 1965 మార్చిలో ఒకరోజు తరగతులు ఆపి నిరసన తెలపాలనుకున్నారు. రాష్ట్ర రాజకీయ నాయకులు మండిపడడంతో, తరగతులు ఆపడానికి బదులు రాత్రంతా అదనంగా పాఠాలు చెబుతామన్నారు. మార్చి 24 రాత్రి ఆన్ ఆర్బర్‌లో సుమారు మూడు వేల మంది తెల్లవార్లూ కూర్చుని వియత్నాం చరిత్ర విన్నారు. 'టీచ్-ఇన్' అన్న మాట అక్కడే పుట్టి, కొన్ని వారాల్లో దేశమంతా పాకింది.

ఇందులో ఒక ఇబ్బందికరమైన సంగతిని దాచకూడదు. నిర్బంధ సైనిక సేవ నుంచి కళాశాల విద్యార్థులకు వాయిదా దొరికేది. చదువుకునే స్తోమత లేని పేదల బిడ్డలు, నల్లజాతి యువకులు యుద్ధానికి వెళ్లారు. తమకు దక్కిన రక్షణ అన్యాయమైనదని గ్రహించిన విద్యార్థులే ఉద్యమంలో ఎక్కువ నిలకడగా నిలిచారు.

మార్టిన్ లూథర్ కింగ్ యుద్ధాన్ని ఖండించడం అంత పెద్ద విషయం ఎందుకైంది?

పౌరహక్కుల చట్టాలపై జాన్సన్ సంతకం చేస్తున్నప్పుడు వెనుక నిలబడిన వ్యక్తి కింగ్. ఆయన 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో, ప్రపంచంలో హింసను అందరికన్నా ఎక్కువగా వ్యాపింపజేస్తున్నది తన సొంత ప్రభుత్వమేనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. స్వదేశంలో ఒకే బడిలో పక్కపక్కన కూర్చోలేని నల్ల, తెల్ల కుర్రాళ్లు వియత్నాంలో కలిసి గుడిసెలు తగలబెడుతున్నారన్నది ఆయన ఆవేదన. పెద్ద పత్రికలు తప్పుపట్టాయి. పౌరహక్కుల ఉద్యమంలోని పెద్దలే రెండు పోరాటాలనూ కలపవద్దన్నారు. శ్వేతసౌధం తలుపులు ఆయనకు మూసుకుపోయాయి. సరిగ్గా ఏడాది తరువాత, అదే తేదీన, పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా వెళ్లిన మెంఫిస్‌లో ఆయన హత్యకు గురయ్యారు.

సొంత పార్టీ అధ్యక్షుణ్ణి పార్టీలో ఉంటూనే ఎలా ఎదిరిస్తారు?

ప్రైమరీ ఎన్నికల ద్వారా. పార్టీ అభ్యర్థి ఎవరన్నది కొన్ని రాష్ట్రాల్లో ఓటర్లే ముందుగా తేలుస్తారు. ఆ ఎన్నికల్లో పదవిలో ఉన్న అధ్యక్షుడిపైనా నిలబడవచ్చు. ఆలార్డ్ లోవెన్‌స్టీన్ అనే న్యాయవాది 1967లో కళాశాలలు, పార్టీ సంఘాలు తిరుగుతూ జాన్సన్‌ను మార్చాలన్న ప్రచారం మొదలుపెట్టారు. అభ్యర్థి లేని ఉద్యమం కనుక మొదట సెనేటర్ రాబర్ట్ కెనెడీని (హత్యకు గురైన అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ్ముడు) అడిగారు, ఆయన కాదన్నారు. సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్‌కు 1968లోనే తన సెనేట్ సీటు కాపాడుకోవలసి ఉంది. చివరికి మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెక్‌కార్తీ సరేనన్నారు. ఒకప్పటి అధ్యాపకుడు, కవిత్వం రాసే మనిషి, గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేనివారు. 1967 నవంబరు 30న పోటీ ప్రకటించినప్పుడు ఆయన్ను గట్టిగా పట్టించుకున్నవారు తక్కువ.

న్యూహాంప్‌షైర్‌లో జాన్సన్ గెలిచారా, ఓడిపోయారా?

ఓట్ల లెక్కలో గెలిచారు. 1968 మార్చి 12న అక్కడ జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో జాన్సన్‌కు సుమారు 49 శాతం, మెక్‌కార్తీకి సుమారు 42 శాతం వచ్చాయి. రాజకీయంగా అది ఓటమి అని ఆ రాత్రే అందరికీ అర్థమైంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

జాన్సన్ అక్కడ అధికారికంగా పోటీలో లేరు, బ్యాలెట్‌పై ఆయన పేరు అచ్చు కాలేదు. మద్దతుదారులు ఖాళీ గీతపై ఆయన పేరును చేత్తో రాయాలి. ఆ రాతను కూడగట్టడానికి రాష్ట్ర పార్టీ పెద్దలు మూడు భాగాల హామీకార్డు ఒకటి అచ్చువేయించారు. ప్రతి కార్డుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఓటరు సంతకం చేశాక ఒక ముక్క ఆయన దగ్గర ఉంటుంది, ఒకటి రాష్ట్ర పార్టీ కార్యాలయానికి వెళుతుంది, మూడోది శ్వేతసౌధానికి. ఎవరు ఎటున్నారో పైవారికి తెలిసిపోయే ఏర్పాటు అది. ఊరి సభల్లో చేతులెత్తి నిర్ణయాలు చేసుకునే స్వతంత్ర స్వభావం గల ఆ రాష్ట్రంలో ఆ కార్డు ముక్క చేసిన కీడు ఇంతా అంతా కాదు. రహస్య ఓటు ఏమైపోయిందని మెక్‌కార్తీ వర్గం అడిగిన ప్రశ్నకు పార్టీ పెద్దల దగ్గర జవాబు లేకపోయింది.

రెండోవైపు, వేలమంది విద్యార్థులు ఇతర రాష్ట్రాల నుంచి బస్సుల్లో వచ్చారు. ఊరివారు బెదరకూడదని గడ్డాలు తీసేశారు, జుట్టు కత్తిరించుకున్నారు, అమ్మాయిలు పొట్టి గౌన్లు మాని పద్ధతిగా తయారయ్యారు. మంచులో ఇల్లిల్లూ తలుపుతట్టి, వాదించకుండా, ముందు ఎదుటివారు చెప్పింది విన్నారు. రాజకీయం నేర్చుకోవాలనుకునేవారు ఆ తలుపుల దగ్గర ఆగి చూడాలని నా కోరిక.

జనవరి చివర టెట్ అనే వియత్నామీయుల కొత్త సంవత్సర పండుగ వేళ సైగాన్‌తో సహా దక్షిణ వియత్నాం నగరాలపై కమ్యూనిస్టు సేనలు జరిపిన దాడులు, యుద్ధం ముగింపుకొస్తోందన్న ప్రభుత్వ మాటను పూర్వపక్షం చేశాయి. అదనంగా 2,06,000 మంది సైనికులు కావాలని సైన్యం అడుగుతోందన్న వార్త పోలింగుకు రెండు రోజుల ముందు బయటపడింది. అయితే మెక్‌కార్తీకి పడిన ప్రతి ఓటూ శాంతికి పడిన ఓటు కాదు. జాన్సన్ యుద్ధాన్ని ఇంకా గట్టిగా నడపడం లేదన్న కోపంతో వేసినవారూ అందులో పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. దీన్ని ఉద్యమకారులు ఒప్పుకోవడానికి ఇష్టపడరు, కాని ఆ ఏడాది చివర్లో జరిగినదానికి ఇందులోనే ఒక సూచన ఉంది.

రాబర్ట్ కెనెడీ ఎందుకు ఆలస్యం చేశారు?

పార్టీ చీలుతుందని, తన నిర్ణయాన్ని జాన్సన్‌తో ఉన్న పాత వైరానికి అంటగడతారని వెనకాడారు. న్యూహాంప్‌షైర్ ఫలితం వచ్చిన నాలుగు రోజులకు, మార్చి 16న, రంగంలోకి దిగారు. కష్టం ఒకరిది, ఫలం మరొకరిదా అని మెక్‌కార్తీ వెంట తిరిగిన కుర్రాళ్లు రగిలిపోయారు. వారి కోపం న్యాయమైనదే. అయితే నల్లజాతివారిలో, మెక్సికన్ మూలాలున్న వ్యవసాయ కూలీలలో, పేద తెల్లవారిలో మెక్‌కార్తీ చేరలేని చోటికి కెనెడీ చేరగలిగారన్నదీ అంతే నిజం.

జాన్సన్ తప్పుకోవడానికి వీరే కారణమా?

వీరు లేకపోతే తప్పుకునేవారని చెప్పలేం. వీరొక్కరి వల్లే తప్పుకున్నారని కూడా చెప్పలేం. 1955లో ఆయనకు తీవ్రమైన గుండెపోటు వచ్చింది, మరో నాలుగేళ్లు బతుకుతానా అన్న సందేహం ఉండేది. మార్చి 31 ఉదయమే కూతురు లిండా, వియత్నాం వెళుతున్న భర్తను సాగనంపి శ్వేతసౌధానికి తిరిగొచ్చారు. ఆ రాత్రి టీవీ ప్రసంగంలో ఉత్తర వియత్నాంలోని అధిక భాగంపై బాంబుదాడులు ఆపుతున్నట్టు ప్రకటించి, చివర్లో తన పార్టీ అభ్యర్థిత్వాన్ని కోరబోననీ, ఇచ్చినా స్వీకరించబోననీ జాన్సన్ చెప్పారు. రెండు రోజుల తరువాత విస్కాన్సిన్‌లో పోలింగు. అక్కడ ఓటమి ఖాయమని ఆయన మనుషులకు ముందే తెలుసు. మెక్‌కార్తీకి 56 శాతం వచ్చాయి.

ప్రైమరీల్లో గెలిచింది యుద్ధ వ్యతిరేకులైతే అభ్యర్థిత్వం హ్యూబర్ట్ హంఫ్రీకి ఎలా దక్కింది?

అప్పట్లో ప్రైమరీలు జరిగిన రాష్ట్రాలు పదిహేను దాకా మాత్రమే. మిగతాచోట్ల ప్రతినిధులను పార్టీ పెద్దలు ఎంచుకునేవారు. ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే వారి మద్దతు కూడగట్టారు. కాలిఫోర్నియాలో గెలిచిన రాత్రే, జూన్ 5 తొలి గంటల్లో, లాస్ ఏంజెలిస్‌లోని హోటల్ వంటగది దారిలో కెనెడీపై కాల్పులు జరిగాయి. మరునాడు ఆయన మరణించారు.

ఆగస్టు చివర షికాగో మహాసభలో బాంబుదాడులు ఆపాలన్న శాంతి తీర్మానం అనుకూలంగా 1,041, వ్యతిరేకంగా 1,567 ఓట్లు రావడంతో వీగిపోయింది. చేతులకు నల్లపట్టీలు కట్టుకుని న్యూయార్క్ ప్రతినిధులు పౌరహక్కుల ఉద్యమ గీతం పాడారు. 28వ తేదీ రాత్రి మిషిగన్ అవెన్యూపై పోలీసులు నిరసనకారులను, విలేకరులను, దారినపోయేవారిని చావబాదుతున్న దృశ్యాలు ఇంటింటి టీవీలో కనిపించాయి. పోలీసులే అల్లరికి పాల్పడ్డారని తరువాతి అధికారిక విచారణ తేల్చింది.

నిక్సన్ గెలుపుకు ప్రగతిశీలులే కారణమన్న నింద సమంజసమేనా?

నవంబరు 5న జరిగిన అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్‌కు 43.4 శాతం, హంఫ్రీకి 42.7 శాతం, జాతి వివక్షను సమర్థించిన జార్జ్ వాలెస్‌కు 13.5 శాతం వచ్చాయి. ఇంత స్వల్ప తేడాలో ఏ కారణాన్నయినా వేలెత్తి చూపవచ్చు. కోపంతో ఇంట్లో కూర్చున్న యుద్ధ వ్యతిరేకులు ఉన్నారు. మెక్‌కార్తీ అక్టోబరు చివరిదాకా హంఫ్రీని సమర్థించకుండా నాన్చడం నా దృష్టిలో క్షమించదగినది కాదు. కాని హంఫ్రీ సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీలో బాంబుదాడులు ఆపుతానన్న తరువాతే ఆయన బలం పుంజుకుంది. ఆ మాటను అధ్యక్షుడికి భయపడి నెలల తరబడి మింగి ఉంచినవారికి పెద్ద వాటా ఇవ్వాలి.

చివరికి సాధించినదేమిటి?

అధ్యక్షుడు మారారు, యుద్ధం ఆగలేదు. 1973లో అమెరికా సైన్యం వెనక్కి వచ్చేదాకా వేల మంది అమెరికన్లు, లెక్కకందనంత మంది వియత్నామీయులు చనిపోయారు. యుద్ధం మొత్తంలో అమెరికన్ మృతులు 58,000 దాటారు.

మిగిలినవి చట్టాలు, నియమాలు. షికాగో అవమానం తరువాత పార్టీ వేసిన మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్ ప్రతినిధుల ఎంపికను పార్టీ పెద్దల గదుల నుంచి ఓటర్లకు మార్చింది. నేటి ప్రైమరీల పద్ధతి అక్కడి నుంచి వచ్చినదే. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 18కి తగ్గించింది. 1973లో అధ్యక్షుడి యుద్ధ అధికారాలపై హద్దులు విధించే తీర్మానాన్ని నిక్సన్ వీటోను కాదని కాంగ్రెస్ ఆమోదించింది.

ఈ కథలో తెలుగువారికి సంబంధించినదేమైనా ఉందా?

నేరుగా రెండున్నాయి. 1965-67 కరవు కాలంలో భారత్‌కు పీఎల్-480 (అమెరికా ఆహార సహాయ చట్టం) గోధుమలను జాన్సన్ నెలకింత చొప్పున బిగపట్టి విడుదల చేశారు. వ్యవసాయ విధానం మార్పించడం ఒక ఉద్దేశమైతే, వియత్నాం బాంబుదాడులపై ఢిల్లీ చేసిన విమర్శలు ఆయనకు కోపం తెప్పించడం మరో కారణం.

రెండోది 1965 అక్టోబరు 3న ఆయన న్యూయార్క్ రేవులో లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర సంతకం చేసిన వలస చట్టం. అంతకుముందు భారతీయులకు ఏటా నూరు వీసాల కోటా ఉండేది. కొత్త చట్టం 1968 జూలై 1న, అంటే రాబర్ట్ కెనెడీ మరణానికీ షికాగో మహాసభకూ నడుమ, పూర్తిగా అమల్లోకి వచ్చింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్, వరంగల్ కళాశాలల్లో చదివిన వైద్యులూ ఇంజనీర్లూ అమెరికాలో స్థిరపడే దారి అలా తెరుచుకుంది. ఆ దారినే వెళ్లి గ్రీన్‌కార్డు అందుకున్న, సైనిక సేవ వయసులో ఉన్న యువకుడు, పౌరసత్వం లేకపోయినా, ఓటు లేకపోయినా, నిర్బంధ సైనిక సేవ కోసం సెలెక్టివ్ సర్వీస్ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవలసి ఉండేది. ఆ సేవా చట్టాన్ని 1967 జూన్ 30న పొడిగిస్తూ సంతకం చేసినదీ జాన్సనే.